మీరొక్క మాట చెబితే చాలు

మైకాయనకి ఒక జబ్బుంది. ఏదైనా సరిగ్గా పనిచేయకపోతే, ఎందుకో తెలిసేదాకా ఆయనకి తిండి సయించదు, నిద్ర పట్టదు. పెళ్లిళ్లకీ సభలకీ మైకులు అద్దెకిచ్చే దుకాణం ఆయనది. ఆదివారం మాత్రం చర్చిలో చివరి బెంచీ పక్కన మిక్సరు ముందు కూర్చుని ఊరికే పనిచేసిపెడతాడు.

ఈమధ్య ఆయన బుర్ర తొలిచేస్తున్నది పాస్టరుగారి మైకు తాలూకు వాల్యూమ్ నాబ్. ఒకప్పుడు సగానికి తిప్పితే హాలంతా వినపడేది. ఇప్పుడు దాదాపు చివరికొచ్చింది. వైర్లు మార్చాడు, మైకు మార్చాడు, ఎందుకైనా మంచిదని ప్లగ్గు కూడా మార్చాడు. ఏం లాభం లేదు. ఆఖరికి సంఘపెద్ద కలగజేసుకున్నాడు. బేకరీ నడిపే మనిషి, దేన్నయినా పొంగించాలనే చూస్తాడు. "వెనక వరసలకి వినపడకపోతే మనకెంత నామోషీ!" అని కమిటీని కూర్చోబెట్టి కొత్త స్పీకర్లు కొనిపించాడు. గొంతు పోతున్న మనిషికి మందు ఇప్పించకుండా స్పీకర్లు కొనిపెట్టిన ఘనత ఆ సంఘానికే దక్కింది. మొదటి ఆదివారం కిటికీ అద్దాలు గడగడలాడాయి. అందరూ చప్పట్లు కొట్టారు. పాపం, పాస్టరుగారు కూడా కొట్టారు.

నాలుగు వారాలు గడిచాయో లేదో, నాబ్ మళ్లీ చివరికొచ్చింది.

"లోపం మన సామాన్లో లేదే," అన్నాడు మైకాయన భార్యతో. "ఎక్కడో లీకవుతోంది. ఆదివారం దాకా ఆయన గొంతు ఎక్కడ ఖర్చవుతోందో చూసొస్తాను."

"పాస్టరుగారి వెంటపడతారా? సిగ్గుండాలి!" అంది ఆవిడ. మళ్లీ తనే, "చూసొచ్చాక నాకూ చెప్పండి," అంది.

మర్నాడు దుకాణం మూసేసి, పెట్టిన హెల్మెట్ తియ్యకుండా మైకాయన పాస్టరుగారి వెంట తిరిగాడు. పొద్దున్నే ఆసుపత్రి. ఒక్కరిని చూడ్డానికి వెళ్లిన పాస్టరుగారు మంచం మంచం దగ్గరా ఆగి ప్రార్థన చేసి బయటపడ్డారు. అక్కణ్ణుంచి గోడ తగువులో ఉన్న అన్నదమ్ముల ఇంటికి. ఆ ఇద్దరికీ మాటల్లేవు. అందుకని ఎదురెదురుగా కూర్చున్నవాళ్లకి అన్న మాట తమ్ముడికీ, తమ్ముడి మాట అన్నకీ పాస్టరుగారే అప్పజెప్పారు. తరవాత ఎవరో అమ్మాయి ఉద్యోగం కోసం ఫోన్లు. ఆ తరవాత చర్చి నీళ్ల ట్యాంకు కింద నిలబడి, పైనున్న ప్లంబరుతో కేకలు. ఆ తరవాత పాటల బృందానికి పాట నేర్పడం. ప్రతిచోటా మైకాయన చెవిన పడ్డది ఒకటే. "అయ్యగారూ, మీరొక్క మాట చెబితే చాలు." తమాషా ఏంటంటే, ఎవరూ ఒక్క మాటకి మించి అడగలేదు.

చీకటి పడేవేళకి పాస్టరుగారు ఒక వీధిలోకి తిరిగారు. ఇదెక్కడో చూసిన వీధిలా ఉందే అనుకున్నాడు మైకాయన. చూడకేం, ఆయన సొంత వీధే. పాస్టరుగారు గేటు తీసుకుని తిన్నగా మైకాయన ఇంట్లోకే వెళ్లారు.

మైకాయన కిటికీ పక్కన నక్కి చూశాడు. లోపల తన తల్లి మంచం మీద కూర్చుని ఉంది. పక్కన కుర్చీలో పాస్టరుగారు, బొంగురు గొంతుతో బైబిల్లోంచి కీర్తన చదువుతున్నారు. అది అయిపోగానే, "ఇంకొక్కటి చదువు నాయనా," అంది ముసలావిడ. ఆయన ఇంకొకటి చదివారు.

అప్పుడు గుర్తొచ్చింది మైకాయనకి. "అమ్మకి కళ్లు ఆనట్లేదు అయ్యగారూ, నాకేమో సాయంత్రాలు ఫంక్షన్లు. మీరొక్కసారి వచ్చి చదివిపెడితే చాలు," అని ఎప్పుడో తనే అన్నాడు. అనేసి మర్చిపోయాడు. పాస్టరుగారు మర్చిపోలేదు.

"రోజూ వస్తున్నారా?" అని, పెరటి దారిన లోపలికెళ్లి భార్యని వంటింట్లోకి పిలిచి అడిగాడు.

"వస్తున్నారు. మీరే కదా రమ్మన్నారు! ఒక్క కీర్తనే కదా అనుకున్నాను," అంది ఆవిడ.

లీకు కోసం ఊరంతా గాలించినవాడికి అది సొంతింట్లో దొరికింది. మైకాయనకి తల కొట్టేసినట్టయింది. ఉండబట్టలేక పాస్టరుగారి వెనకే వాళ్లింటికి వెళ్లాడు.

అక్కడ ఇంకో వింత. పాస్టరుగారు చెంచాతో గ్లాసు మీద టంగుమని కొట్టారు. పాస్టరమ్మగారు వేణ్ణీళ్లు పోశారు. రెండుసార్లు కొట్టారు. ఆవిడ పొయ్యడం ఆపారు.

"ఇంట్లో ఆయన గొంతు విని ఎన్నాళ్లయిందో బాబూ," అన్నారు ఆవిడ. "బయటివాళ్లకే చాలట్లేదు, నాకేం మిగులుతుంది?" పాస్టరుగారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. ఆవిడ పట్టించుకోలేదు. "మూడు నెలలు నోరు విప్పకూడదన్నాడు డాక్టరు. విప్పితే గొంతు ఇక ఎప్పటికీ రాదన్నాడు. ఎవరితోనూ అనొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు ఇవాళ్టితో సరి."

"ఎందుకండీ దాచడం?" అన్నాడు మైకాయన.

పాస్టరుగారు గుసగుసగా అన్నారు, "నేను నోరు మూసుకుంటే మీరంతా ఏమైపోతారోనని భయం నాయనా." తరవాత నేల చూస్తూ, "ఏమీ కాకపోతేనో? అదింకా పెద్ద భయం," అన్నారు.

ఆదివారం ప్రసంగం మొదలైంది. మొదటి వాక్యం పూర్తికాకుండానే మైకాయన నాబ్ పూర్తిగా తగ్గించేశాడు. పాస్టరుగారి పెదాలు కదులుతున్నాయి. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడట్లేదు. బేకరీ ఆయన వెనక్కి తిరిగి, పెంచు పెంచు అని సైగలు చేశాడు.

మైకాయన లేచి నిలబడ్డాడు. "కరెంటు పోలేదండీ, నేనే తగ్గించాను. అయ్యగారి దగ్గర మిగిలింది ఇంతే. ఇన్నాళ్లూ మీరు విన్నది స్పీకర్లని." డాక్టరు చెప్పిందంతా చెప్పాడు. "మిగతాది ఎవరు తిన్నారో వెంటపడి చూశాను. మా ఇంటి వాటా కూడా ఉంది. ఇవాళ్టి నుంచి మా అమ్మకి నేనే చదువుతాను. తక్కినవాళ్ల సంగతి మీరే చూసుకోండి."

పాస్టరుగారు వేదిక దిగి విసవిసా వచ్చారు. మొహం ఎర్రబడింది. నాబ్ మీద చెయ్యి వేశారు. మైకాయన తన చెయ్యి తీసేశాడు. "తిప్పుకోండి అయ్యగారూ. మీ గొంతు, మీ ఇష్టం."

పాస్టరుగారి చెయ్యి అక్కడే ఉండిపోయింది. మధ్య వరసలోంచి ఒకావిడ లేచింది. "ఆసుపత్రికి నేను వెళ్తాను. ప్రార్థన నాకంత బాగా రాదు. పక్కన కూర్చుంటాను." ఇటుపక్క నుంచి అన్న, అటుపక్క కూర్చున్న తమ్ముడితో, "గోడ సంగతి సాయంత్రం చూద్దాంరా," అన్నాడు. "సరే అన్నయ్యా," అన్నాడు తమ్ముడు. హాలంతా నోరెళ్లబెట్టింది. "ట్యాంకు నాకొదిలెయ్యండి, కేకలెయ్యడం నాకలవాటే," అన్నాడు బేకరీ ఆయన.

పాస్టరుగారు చెయ్యి తీసి, మైకాయన పక్కనే చివరి బెంచీ మీద కూలబడ్డారు. ఇన్నేళ్లలో తన సంఘాన్ని వెనకనుంచి చూడటం ఆయనకదే మొదటిసారి. అలా చూస్తూనే ఉండిపోయారు.

ఆ సాయంత్రం మైకాయన తల్లికి కీర్తన చదివాడు. "ఏంట్రా ఆ అరుపు, నాకు పోయింది కళ్లు, చెవులు కాదు," అంది ఆవిడ. అయినా ఇంకొకటి చదివించుకుంది.

మూడు నెలలయ్యాయి. ఆదివారం పాస్టరుగారు భార్యతో వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. ఆసుపత్రికి వెళ్లే ఆవిడ ముందు నిలబడి, తడబడుతూ, ఆ వారం చూసిన రోగుల గురించి చెబుతోంది. నాబ్ సగం దగ్గరే ఉంది. మైకాయనకి మాత్రం మనసాగలేదు. వంగి పాస్టరమ్మగారి చెవిలో అడిగాడు.

"అయ్యగారికి గొంతొచ్చిందా అమ్మగారూ?"

"నిన్న వచ్చింది."

"మొదట ఏమన్నారు? ప్రార్థన చేశారా?"

"టీలో చక్కెర ఎక్కువైందన్నారు," అన్నారు ఆవిడ. నవ్వుతూనే పమిట చెంగుతో కళ్లు తుడుచుకున్నారు. "నాతోనే అన్నారు బాబూ."