అంటుకుపోయిన పేజీ

ప్రొఫెసర్ మజూర్ గారి క్లాసులో చేరిన వాళ్ళందరూ మొదటి రోజే ఒక మాట వింటారు. "పిల్లల పుస్తకాల గురించి మీరెంత గొప్పగా రాసినా నాకు అనవసరం. పిల్లలేమంటారో నాకు అదే కావాలి." ఉత్తి మాటే కాదు, ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ పెట్టే ఆఖరి పరీక్షా అదే. టీచర్లు కాబోయే వాళ్ళు కాలేజీ పక్కనున్న బడికి వెళ్ళి, ఒకటో తరగతి పిల్లలకు ఒక బొమ్మల పుస్తకం చదివి వినిపించాలి. సొంత పుస్తకం తెచ్చుకోకూడదు. ఆ పిల్లల చేతుల్లోనే నలిగి, మూలలు చిరిగి, జామ్ మరకలంటిన పుస్తకం చదవాలి. అయ్యాక దాన్ని తివాచీ మీద వదిలేసి బయటికొచ్చి నిలబడాలి. పిల్లలకు అప్పుడొక పావుగంట ఎవరిష్టం వాళ్ళది. ఆ పావుగంటలో ఒక్క బిడ్డయినా తనంతట తాను ఆ పుస్తకం తీసుకుంటే సంతకం పడుతుంది. లేకపోతే దేవుడు దిగొచ్చి చెప్పినా పడదు.

సంతకం పడితేనే ఏప్రిల్లో బడిలో పాఠాలు చెప్పే శిక్షణకు పంపుతారు. పడకపోతే ఏడాదంతా మళ్ళీ మొదటికి.

లోరెట్టా బిలాన్ పరీక్ష మార్చి నెలలో ఒక శుక్రవారం పడింది. ఆమెకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. పద్నాలుగేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతోంది. పొద్దున పిల్లల్ని బడిలో దింపి, బస్సు షెడ్డులో పెట్టి, అదే బూట్లతో క్లాసుకొచ్చి కూర్చునేది. ఒక చలికాలం మంచు తుఫానులో ఊరికి తొమ్మిది మైళ్ళ దూరాన బస్సు ఆగిపోతే, మంచు తోసే బండి వచ్చేదాకా రెండు గంటలపాటు పదకొండు మంది పిల్లల్ని కథలతో కూర్చోబెట్టింది. ఒక్కరూ ఏడవలేదు. మర్నాడు ఒక తల్లి వచ్చి, "మీరు టీచర్ ఎందుకు కాలేదండీ?" అని అడిగింది. ఆ మాట మనసులో నాటుకుపోయింది.

ఎందుకు కాలేదో లోరెట్టాకు తెలుసు. ఆమెకు చదవడం సరిగ్గా రాదు.

అసలు రాదని కాదు. అక్షరాలు ఆమె కంటికి నిలకడగా ఉండవు. ఒక వాక్యం చదవడానికి ఇతరులకు ఒక క్షణం పడితే ఆమెకు నిమిషం పడుతుంది. మూడో తరగతిలో టీచరు నిలబెట్టి చదివిస్తే క్లాసంతా పగలబడి నవ్వింది. ఆనాటి నుంచి నలుగురిలో ఒక్క ముక్క పైకి చదివిన పాపాన పోలేదు. కాలేజీ పాఠాలు కంప్యూటరు చదివి పెడితే వినేది, తను చెప్తుంటే అదే రాసి పెట్టేది. సంగతి ఆమె కూతురికి తప్ప ఎవరికీ తెలియదు. చదవలేని మనిషి చదువు చెప్పడానికి బయల్దేరిందని తెలిస్తే లోకం నవ్వదూ!

అందుకని ఆమె ఒక ఉపాయం పన్నింది. ఆ ఒకటో తరగతి గదిలోని పుస్తకాల్లో, అడవి దుప్పికి ఒక ముసలి కుందేలు నాలుగు మేజోళ్ళు అల్లిపెట్టే కథ ఎంచుకుంది. దాని ఇంకో ప్రతి ఊరి లైబ్రరీలో ఉంది. కూతురు దాన్ని చదివి ఫోనులో రికార్డు చేసి ఇచ్చింది. పిల్లలు దిగిపోయాక ఖాళీ బస్సులో, రెండు వారాలపాటు, లోరెట్టా ఆ కథ వింటూ పొల్లుపోకుండా కంఠస్థం చేసింది. ఎక్కడ పేజీ తిప్పాలో కూడా లెక్క పెట్టుకుంది. పిల్లలకు పుస్తకం చదివేటప్పుడు బొమ్మలు వాళ్ళవైపు ఉండాలి కదా, చదివేవాళ్ళు పక్కనుంచి ఓరగా చూసి చదువుతారు. కనక కళ్ళు అక్షరాల మీద ఉన్నాయో గాలిలో ఉన్నాయో ఎవరు చూడొచ్చారు!

"ఏంటి లోరెట్టా, ముఖం అలా వాడిపోయింది?" అంది పరీక్షకు ముందు బ్రియాన్. అదే క్లాసులో చదివే ఇరవై రెండేళ్ళ పిల్ల, తన వంతు అప్పుడే ముగించుకొచ్చింది. "బస్సులో నలభై మందిని అదిలిస్తావు, పద్దెనిమిది మందికి భయపడుతున్నావా?"

"బస్సులో స్టీరింగు నా చేతిలో ఉంటుందిలే తల్లీ," అంది లోరెట్టా.

"నా పుస్తకం ఎవరూ ముట్టుకోలేదు తెలుసా," బ్రియాన్ గొంతు తగ్గింది. "ప్రతి పేజీకీ ఆగి, తర్వాత ఏమవుతుందో చెప్పండి అని అడిగాను. మనకు నేర్పింది అదే కదా! చివరికి ఒకడు, 'మిస్, తెలిస్తే మేమే చదువుకుంటాం కదా, మీరెందుకు' అన్నాడు. వచ్చే ఏడాది మళ్ళీ రమ్మన్నారు."

తరగతిలో పిల్లలు తివాచీ మీద ఒకరి మీద ఒకరు పడుతూ కూర్చున్నారు. మజూర్ గారు వాళ్ళ మధ్యలోనే, అరవయ్యారేళ్ళ మోకాళ్ళు మడుచుకుని కూర్చున్నారు. ఆవిడ పరీక్షలో చదివేవాళ్ళ వైపు చూడరు, వినే పిల్లల ముఖాలే చూస్తారు. కోట్లు తగిలించే కొక్కాల కింద, అందరికీ దూరంగా, ఒక పిల్ల ఒంటరిగా కూర్చుంది. ఆ పిల్ల పేరు డెల్లా. "దాన్ని వదిలేయండి, అది పుస్తకం జోలికి రాదు," అని క్లాసు టీచరు ముందే చెప్పింది.

లోరెట్టా కుర్చీలో కూర్చుని పుస్తకం ఎత్తి పట్టుకుంది. మొదలుపెట్టడమే తడవు, గొంతు దానంతటదే వచ్చేసింది. దుప్పి చలికి వణికింది, కుందేలు దారానికి దారం కలిపింది. దుప్పి గొంతు లోరెట్టా నోట భారంగా, ముక్కు దిబ్బడేసినట్టు వస్తుంటే పిల్లలు కిలకిల నవ్వారు. మొదటి కాలికి ఎర్ర మేజోడు. రెండో కాలికి పసుపుది. పేజీ తిప్పింది.

"రెండు కాళ్ళు వెచ్చగా, రెండు కాళ్ళు చల్లగా, దుప్పి మంచులో నిలబడి ఆలోచించింది..."

"మూడు!" అరిచాడొకడు.

"రెండు కాళ్ళు వెచ్చగా..."

"మూడు మిస్! చూడండి! నీలంది కూడా ఉంది!"

"మిస్ కి లెక్క రాదు!" అన్నాడింకొకడు, తివాచీ అంతా గొల్లుమంది.

లోరెట్టా పుస్తకం తనవైపు తిప్పుకుంది. నిజమే, బొమ్మలో మూడు కాళ్ళకు మేజోళ్ళున్నాయి. ఎక్కడో ఒక పేజీ తప్పింది. ఇప్పుడు ఎక్కడున్నానో తెలియాలంటే కింద రాసిన మాటలు చదవాలి. చూసింది. అక్షరాలు గిర్రున తిరిగాయి. మూడో తరగతి నవ్వులన్నీ ఒక్కసారిగా చెవుల్లో మోగాయి. లేచి వెళ్ళిపోదామా అనిపించింది, తలుపు నాలుగడుగులే.

పిల్లలు మాత్రం ఎదురుచూస్తున్నారు. దుప్పికి ఏమైందో వాళ్ళకు కావాలి. అంతకంటే వాళ్ళకేం పట్టలేదు. మంచులో ఆగిన బస్సులో, అద్దంలోంచి ఆ పదకొండు మందీ ఇలాగే తనవైపు చూశారు. వీళ్ళకు అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"పిల్లలూ," అంది. "నేను చదవట్లేదర్రా. బట్టీ పట్టి చెప్తున్నాను. నాకు చదవడం చాలా నెమ్మది. అక్షరాలు నా దగ్గర కుదురుగా కూర్చోవు."

మజూర్ గారి వైపు చూసే ధైర్యం లోరెట్టాకు లేకపోయింది.

"వేలు పెట్టండి మిస్," అన్నాడు లెక్క రాదన్న వాడే. "వేలు పెడితే పారిపోవు."

"ముందు బొమ్మ చూసుకోవాలి," అంది ఒక పిల్ల, టీచరమ్మలా నడుం మీద చెయ్యి పెట్టుకుని. "తొందరేం లేదు. మేం ఆగుతాం."

ఇంతలో కొక్కాల కిందనుంచి డెల్లా లేచింది. పిల్లల్ని దాటుకుంటూ నేరుగా లోరెట్టా మోకాళ్ళ దాకా వచ్చి, పుస్తకం మీద చెయ్యి వేసింది.

"ఇక్కడ అంటుకుపోయింది," అంది. "జామ్. లోపల ఇంకో బొమ్మ ఉంది. కుందేలు తన శాలువా విప్పేసి, ఆ నీలం దారంతో అల్లుతుంది."

"అది నీకెలా తెలుసమ్మా?"

"సందులోంచి చూశాను. రోజూ చూస్తాను, అందరూ బయట ఆడుకునేటప్పుడు." కాస్త ఆగి, గొంతు తగ్గించి అంది, "నేను కూడా బట్టీనే. బొమ్మల్ని."

లోరెట్టా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఆ పిల్ల నాలుక కొరుక్కుంటూ, చిటికెనవేలి గోటితో మెల్లమెల్లగా పేజీలు విడదీసింది. చిరగలేదు. లోపల నిజంగానే కుందేలు చలిలో శాలువా విప్పుతోంది. కింద మూడు వరసలు. లోరెట్టా వేలు పెట్టింది. ఒక్కో మాటా పట్టుకుని, తడబడి, మళ్ళీ వెనక్కి వచ్చి, ముప్ఫై ఏళ్ళ తర్వాత మొదటిసారి నలుగురి ముందు పైకి చదివింది. మూడు వరసలకు మూడు నిమిషాలు పట్టింది. ఒక్కో మాట పూర్తయినప్పుడల్లా పిల్లలు "ఆఁ!" అన్నారు. చివరి మాట దొరికేసరికి చప్పట్లు కొట్టారు. మిగతా కథంతా అలాగే, వేలు పెట్టి, చదివి ముగించింది.

పుస్తకం తివాచీ మీద పెట్టి, బయటికొచ్చి తలుపు మూసింది. బెంచీ మీద కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకోవడం మొదలుపెట్టింది. ఇక ఉండటం ఎందుకు? గుట్టు రట్టయిపోయింది. మధ్యాహ్నం బస్సు వేళకు షెడ్డుకు పోతే సరి. లోపల చెక్క దిమ్మెలు కూలిన చప్పుడు, ఎవరో బండి మోత నోటితో చేస్తున్నారు. ఆటల్లో పడ్డారు వెధవలు అనుకుంది, ప్రేమగానే.

పావుగంట కాకముందే మజూర్ గారు బయటికి వచ్చారు.

"ఎక్కడికి బయల్దేరావు?"

"షెడ్డుకి, మేడమ్. క్షమించండి. ముందే చెప్పాల్సింది."

"చెప్పాల్సిందే!" ఆవిడ కసురుకున్నారు. "ఏడు నెలలు నా ఎదురుగా కూర్చుని, ఇంత బరువు ఒక్కదానివే మోస్తావా? నేనేమన్నా పులినా, ఎలుగునా?" చేతిలో కాగితం ఊపారు. "తడబాటు లేకుండా చదివిందా అని ఇక్కడొక గడి ఉంది. అందులో లేదు అని రాశాను. నేను అబద్ధం రాయను. ఈ నెమ్మదికి మందు లేదు గాని, మార్గాలున్నాయి. సోమవారం నా గదికి రా, నీతోపాటు నేనూ వేలు పెట్టి కూర్చుంటాను."

"సోమవారమా? అంటే..."

"ఆఖరి గడి నేను నింపేది కాదు. తెలుసుగా."

"తీసుకోలేదు కదా మేడమ్ ఎవరూ? దిమ్మెలతో ఆడుకుంటున్నారు, వినబడుతోంది."

"తివాచీ మీదైతే పుస్తకం లేదు," అన్నారు మజూర్ గారు. ఆవిడ కళ్ళద్దాలు తీసి స్వెట్టరు అంచుతో తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. "వెళ్ళు. కొక్కాల దగ్గర చూసుకో."

లోరెట్టా సగం కట్టిన బూట్లతోనే లోపలికి వెళ్ళింది. వేలాడుతున్న చలికోట్ల కింద డెల్లా కూర్చుని ఉంది. ఒళ్ళో దుప్పి పుస్తకం, విడిపోయిన పేజీ దగ్గర తెరిచి. ఆ పిల్ల ఈసారి బొమ్మ వైపు చూడటం లేదు. కింది వరస మీద వేలు పెట్టింది. వేలు ఒక మాట మీద ఆగిపోయింది, పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు.

అలికిడికి తలెత్తింది. "మిస్, ఇది రావట్లేదు."

"నాకూ అక్కడే ఆగిపోయింది," అంది లోరెట్టా. ఒక చలికోటు పక్కకు తోసి, ఆ పిల్ల పక్కన నేల మీద చతికిలబడింది. "కాస్త జరుగు. ఇద్దరం చూద్దాం."