కడుపు పట్టి చూసిన చెయ్యి

సుక్కమ్మకు కవలలు పుట్టారని తెలిసిన రోజు ఊళ్ళో సగం మంది నవ్వారు, సగం మంది నోరు చప్పరించారు. ఆరేళ్ళుగా గొర్రెల మధ్యే పడి ఉంటే కాన్పు కూడా గొర్రె కాన్పే అయిందని నవ్వినవాళ్ళు అన్నారు. నోరు చప్పరించినవాళ్ళకు సంగతి తెలుసు. పిల్లలు ఎనిమిదో నెలలోనే బయట పడ్డారు. అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. మొగుడు బీరప్ప మంద తోలుకుని హుజూర్‌నగర్ దాటి కృష్ణ ఒడ్డుకు పోయి నెల దాటింది. అది యాభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం. నార్కట్‌పల్లి చుట్టుపక్కల చెలకల్లో పచ్చిక అన్న మాట లేదు. తొలకరి పడితే తప్ప అతను తిరిగి రాడు.

ఇంట్లో మిగిలింది సుక్కమ్మ, ఆమె అత్త గోపమ్మ. దొడ్లో నాలుగు గొర్రెలు. నిండు చూలుతో అంత దూరం నడవలేవని బీరప్ప వాటిని తల్లికి అప్పగించి పోయాడు. అవి ఈనితే పుట్టిన పిల్లలు అయిదు, పగలంతా పెద్ద గంప కింద.

గోపమ్మ గురించి ఒక్క మాట చెప్పాలి. ఆమె చెయ్యి ఆ చుట్టుపక్కల కురుమ ఇళ్ళన్నిటికీ తెలిసిన చెయ్యి. సాయంత్రం గొర్రెపిల్లల్ని తల్లుల మీదికి వదిలి, అవి కుడిచాక ఒక్కొక్కదాని కడుపు కింద అరచెయ్యి పెట్టి చూసేది. బిగువుగా ఉంటే కడుపు నిండినట్టు, గంప కిందికి తోసేది. సంచిలా వేలాడితే నిండనట్టు, మళ్ళీ తల్లి దగ్గరికి నెట్టేది. దీపం అక్కర్లేదు, కళ్ళు అక్కర్లేదు. నలభై ఏళ్ళలో ఆకలికి ఒక్క పిల్లను కూడా పోగొట్టుకోలేదని ఆమె చెప్పుకునేది, అందులో అబద్ధం లేదు. కొత్త కోడలు గడప దాటిన నెలలోనే ఆ విద్య నేర్పింది. సుక్కమ్మ కూడా మట్టిబుర్ర కాదు. ఏడాది తిరిగేసరికి ఆమె చెయ్యి అత్త చెయ్యితో సమానమైంది. అత్తాకోడళ్ళ మధ్య వంకలేని విషయం ఆ ఇంట్లో అదొక్కటే.

మూడో రోజు రెండు కోసుల దూరం నుంచి దవాఖాన నర్సు కౌసల్య నడుచుకుంటూ వచ్చింది. సంచిలోంచి కొక్కెం త్రాసు తీసి, పిల్లల్ని గుడ్డలో వేసి తూచింది. పిలగాడు నాలుగు పౌండ్లు. ఆడపిల్ల మూడుంబావు. అంకెలు అత్తాకోడళ్ళిద్దరికీ అర్థం కాలేదు గాని, నర్సు ముఖం అర్థమైంది. ఆమె సుక్కమ్మ పక్కన చతికిలబడి, చిన్నగా, ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"ఏడ్సేదాంక ఆగొద్దు సుక్కమ్మా. ఇంత సన్నపిల్లలకు ఏడ్సే బలం ఉండది. పండుకున్నా సరే, లేపి పాలియ్యాలె. పొద్దుగూకినకాడి నుంచి వేగుసుక్క పొడిసేదాంక నాలుగుసార్లన్న లేపు."

ఎలా లేపాలో కూడా చూపించింది. కప్పిన గుడ్డ తీసెయ్యాలి, తడివేలితో అరికాలు గీరాలి, అయినా లేవకపోతే చెవి నలపాలి. గోపమ్మ అన్నీ విని, తల ఊపి, నర్సుకు చెంబెడు మజ్జిగ ఇచ్చి సాగనంపింది. కౌసల్య వీధి మలుపు తిరిగిందో లేదో, తన మాట తను చెప్పింది. నిద్రపోయే పసిబిడ్డను లేపితే జడుపు పడుతుంది. జడుపు పడిన బిడ్డ బతకదు. ఇది ఎవరో చెప్పగా విన్న మాట కాదు. ఆమె మొదటి కొడుకును తొమ్మిది నెలలప్పుడు జాతరకు ఎత్తుకుపోవాలని గాఢనిద్రలో లేపింది. బండి ఎక్కేలోపే వాడికి మూర్ఛ వచ్చింది. బిడ్డ దక్కలేదు, జాతర దాకా పోనేలేదు. ముప్పై అయిదేళ్ళ తర్వాత కూడా ఆ మాట చెప్పేటప్పుడు ఆమె చేతిలో పని ఆపేస్తుంది. అందుకే సుక్కమ్మ ఎదురు చెప్పలేదు.

ఎదురు చెప్పలేదు గాని, లేపింది. మూడు రాత్రులు అత్త కునుకు తీసేదాకా ఆగి, నర్సు చెప్పినట్టే చేసింది. పిలగాడితో పేచీ లేదు. వాడు ఇల్లు పీకి పందిరి వేసే రకం. ఉన్నది నాలుగు పౌండ్లే అయినా నలభై ఇళ్ళకు వినపడేలా ఏడ్చి, తన వాటా తను లాక్కునేవాడు. పేచీ అంతా పిల్లతోనే. గుడ్డ తీస్తే ముడుచుకునేది. అరికాలు గీరితే కాలు లాక్కునేది. చెవి నలిపితే ముఖం చిట్లించి, ఒక కన్ను సగం తెరిచి, రొమ్ము అందుకుని నాలుగు గుక్కలు చప్పరించి, నోట్లో అలాగే పెట్టుకుని నిద్రపోయేది. ఆ నాలుగు గుక్కలకు జాము పట్టేది. పిల్లను పడుకోబెట్టి నడుము వాల్చేసరికి పిలగాడు లేచేవాడు. వాడు తాగి పడుకునేసరికి మళ్ళీ పిల్లను లేపే వేళ అయ్యేది. పాలు చూస్తే అంతంతమాత్రం. జొన్నగట్క తిని, పచ్చి బాలింత ఒంటితో, రెప్ప వాల్చకుండా మూడు రాత్రులు. నాలుగో పగలు కూర్చున్నదే కూర్చున్నట్టు నిద్రపోయింది, పిలగాడు ఒళ్ళోంచి జారి చాప మీద పడ్డాడు. దెబ్బ తగల్లేదు. గోపమ్మ పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంది.

ఆ రాత్రి సుక్కమ్మ తడివేలితో పిల్ల అరికాలు గీరుతుంటే చీకట్లో అత్త గొంతు వినిపించింది. మూడు రాత్రులూ ఆమెకు తెలుసన్నమాట.

"ఇగ సాలు తియ్యి బిడ్డా. దాని కడుపు పట్టి సూసిన. నిండే ఉన్నది. నువ్వు గూడ పట్టి సూడు, నీకు తెల్వదా?"

సుక్కమ్మ పట్టి చూసింది. పిల్ల కడుపు బిగువుగా ఉంది. ఎక్కడా వదులు లేదు, అరచేతికి నిండుగా తగిలింది. దొడ్లో ఇలాంటి కడుపు తగిలితే గంప కిందికి తోసి చేతులు దులుపుకునేది. నిండని కడుపు ఎలా ఉంటుందో ఆమె చేతికి తెలుసు. ఇది అది కాదు.

అయినా కాసేపు తేల్చుకోలేకపోయింది. ఒక పక్క నర్సు మాట. నర్సు చదువుకున్నది, త్రాసు ఉన్నది, అబద్ధం చెప్పే ముఖం కాదు. ఇంకో పక్క తన చెయ్యి. ఆరేళ్ళలో ఆ చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు. నర్సు ఎప్పుడన్నా ఒక్క పిల్లనైనా చీకట్లో సాకిందా అని ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనను నిద్ర తెచ్చిందో, మనసే తెచ్చిందో ఆ తర్వాత ఎంత తలుచుకున్నా తెలియలేదు. పిల్లకు గుడ్డ కప్పింది. చేతిని కడుపు మీదే ఉంచి నిద్రపోయింది.

మర్నాడు ఆ ఇల్లు ఇల్లులా ఉంది. పిల్ల నిద్రపోతూనే ఉంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రొమ్ము నోటికి అందిస్తే పెదవులు ఆడించి వదిలేసింది. కడుపు బిగువుగానే ఉంది కనుక అక్కర్లేదనుకున్నారు. ఉన్న పాలన్నీ పిలగాడికే దక్కాయి. వాడు మొట్టమొదటిసారి తృప్తిగా తాగి, ఏడవకుండా పడుకున్నాడు. పక్కింటి నర్సింగమ్మ వచ్చి, ఆడపిల్ల ఎంత నెమ్మదస్తురాలో, పెళ్ళయినాక అత్త దగ్గర మాట రానివ్వదని మెచ్చుకుంది. సుక్కమ్మ నవ్వింది. తల దువ్వుకుంది. వారం రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నది. ఆ రోజు ఆమె సుఖపడింది. ఆ తర్వాత ఆమె మనసును ఎక్కువ కోసింది ఆ సుఖమే.

ఆ రాత్రి మూడుసార్లు మెలకువ వచ్చింది. మూడుసార్లూ చెయ్యి చాపి పిల్ల కడుపు పట్టి చూసింది. మూడుసార్లూ బిగువుగానే ఉంది. పిలగాడికి పాలిచ్చి పడుకుంది. సుక్క పొడిచే వేళ నాలుగోసారి చెయ్యి చాపింది. అప్పుడూ బిగువుగానే ఉంది, కాని చల్లగా ఉంది.

బీరప్ప లేడు కనుక వాళ్ళ పాలివాడు, దాయాది జానయ్య వచ్చి చెలక గట్టు పక్కన చిన్న గొయ్యి తవ్వాడు. ఇరవయ్యొకటో రోజు రాలేదు కనుక పిల్లకు పేరు లేదు. ఏ పేరు పెట్టి ఏడవాలో సుక్కమ్మకు తెలియలేదు. గోపమ్మ మాత్రం గుడ్డలో చుట్టిన పిల్లను జానయ్య చేతికి ఇవ్వకుండా చాలాసేపు ఒళ్ళోనే పెట్టుకుంది. చెయ్యి పెట్టి చూస్తుంది, తీస్తుంది, మళ్ళీ పెడుతుంది. "నిండే ఉన్నది గద" అని పక్కన ఎవరూ లేనట్టు తనలో తనే అనుకుంది. జానయ్య తల పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు.

పదో రోజు కౌసల్య వచ్చింది. ఒక్క పిల్లాణ్ణే చూసి త్రాసు సంచి కింద పెట్టింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. జరిగిందంతా సుక్కమ్మ చెప్తుంటే మధ్యలో ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"ఆఖరి రోజు ఎన్ని గుడ్డలు తడిపింది?"

సుక్కమ్మ ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఒక్కటి కూడా తడపలేదు. ఆ ఎండలకు వాడకట్టు బాయి అడుగంటింది, మనిషికి రెండు కడవల లెక్కన వంతులు పెట్టి తోడుకుంటున్నారు. పిల్ల గుడ్డలు తడపకపోతే ఉతుకు తప్పిందని, నీళ్ళు మిగిలాయని ఆమె సంబరపడింది. ఆ నీళ్ళతోనే ఆ పగలు తల తడిపి దువ్వుకుంది.

"లోపలికి పాలు పోలేదమ్మా. అది గాలితోని ఉబ్బిన కడుపు" అన్నది కౌసల్య. అది ఇద్దరిలో ఎవరికి చెప్పిందో తెలియదు. అత్తాకోడళ్ళిద్దరూ తమకే చెప్పిందనుకున్నారు. తర్వాత పిలగాణ్ణి తూచింది. మూడో రోజు తూచిన బరువు కూడా లేదు. నల్లగొండ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మంది. పొద్దంతా బండి ప్రయాణం, ఈ ఎండలో, మగదిక్కు లేకుండా. తీసుకుపోతామని ఇద్దరూ అన్నారు. బండి ఎవరు కడతారో ఇద్దరికీ తెలియదు. అప్పటిదాకా ఏం చెయ్యాలో నర్సుకు కొత్తగా చెప్పడానికేమీ లేదు. మళ్ళీ పాత మాటే చెప్పి పోయింది. లేపాలి, పాలియ్యాలి.

ఇప్పుడు లేపొద్దనేవాళ్ళు ఇంట్లో లేరు. జడుపు మాట గోపమ్మ మళ్ళీ ఎత్తలేదు. తనే రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుని, వేళకు కోడలిని తట్టేది. కాని ఆ ఏడుపుతో సుక్కమ్మకు పాలు ఎండిపోయాయి. పిలగాడు లేచి నోరు తెరిస్తే పెట్టడానికేమీ ఉండేది కాదు. గోపమ్మ గొర్రెపిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాగేసి, పాలు పిండి, నీళ్ళు కలిపి కాచి, గుడ్డవత్తి ముంచి వాడి నోట్లో పెట్టేది. సగం చెంపలమీదుగా కారిపోయేవి. నలభై ఇళ్ళకు వినపడే ఏడుపు వాకిలి దాటకుండా అయింది. ఎక్కిన బరువు లేదు, దొరికిన బండి లేదు. జానయ్య రోజూ పొద్దున వచ్చి, బండి రేపు దొరుకుతుందని చెప్పి పోయేవాడు.

పదమూడో రోజు మధ్యాహ్నం నుంచి పిలగాడు ఏడవలేదు. పొద్దుగూకింది. దొడ్లో ఆకలికి గొర్రెపిల్లలు ఒకటే అరుపు. సుక్కమ్మ వాడి మీద గుడ్డ తీసింది. అరికాలు గీరింది. చెవి నలిపింది. వాడు ముఖం కూడా చిట్లించలేదు. ఊపిరి ఆడుతోంది, నోటి దగ్గర వేలు పెట్టి చూసుకుంది. మళ్ళీ అరికాలు గీరింది. "ఏడువు కొడుకా, జర ఏడువు. నిన్నేమనను, ఏడువు" అని బతిమాలుతూ ఉంది. పిల్లలు ఏడవకుండా ఉండాలని మొక్కుకునే తల్లులున్న లోకంలో ఆ మాట విన్న నర్సింగమ్మ గోడ అవతల పని ఆపి నిలబడిపోయింది.

గోపమ్మ పాల గిన్నె పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. వత్తి ముంచి చేత పట్టుకుంది. పాలు చుక్కలు చుక్కలుగా ఆమె కొంగు మీద పడుతున్నాయి. ఇక ఉండలేక అన్నది.

"లేపు బిడ్డా."

"లేపుతనే ఉన్న అత్తమ్మా" అన్నది సుక్కమ్మ.