బుడగ లేని రసమట్టం

ఆ పొద్దున అరనూలు మేస్త్రి తన రసమట్టాన్ని తిట్టిన తిట్లు ఏ మనిషినైనా తిట్టి ఉంటే తలకాయలు పగిలేవి. గోడలకి టైల్స్ వేయడం ఆయన పని. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అందులో సగం తేడా వచ్చినా టైల్ పీకి అవతల పారేస్తాడు కాబట్టి ఆ పేరు పడింది. అంతటివాడు గోడకి రసమట్టం ఆనించి చూస్తే, గాజుగొట్టంలో నీళ్ళున్నాయి గానీ మధ్యలో ఉండాల్సిన బుడగ లేదు!

"బుడగ ఎవరు మింగారే?" అని అరిచాడు.

పక్కగదిలో టైల్స్ సందుల్లో తెల్ల సిమెంటు నింపుతున్న భార్య తల కూడా తిప్పలేదు. "నాకు తెలీదయ్యా. నేను టీ ఒక్కటే తాగా."

మేస్త్రి విసవిసా దుకాణానికి పోయి కొత్త రసమట్టం కొన్నాడు. కొట్టువాడు బల్లమీద పెట్టి చూపించాడు, బుడగ నిక్షేపంలా ఉంది. తీరా పనికాడికి తెచ్చి, ఎడమ కన్ను మూసి చూస్తే మళ్ళీ మాయం. కొట్లో ఉన్న బుడగ దారిలో ఎక్కడ దిగిపోయినట్టు?

ఎడమ కన్ను మూయడం ఆయనకి తాపీ పట్టిన నాటినుంచీ ఉన్న అలవాటు. ఏ వరసనైనా కుడికంటితోనే గురి చూస్తాడు. అలాగే గోడ చూశాడు. నిన్న తిన్నగా వేసిన నాలుగు వరసలూ నడుమ బొజ్జ పెంచుకుని కనబడ్డాయి. ఇంకేముంది, ఒంటికాలి మీద లేచాడు. నాలుగు వరసలూ పీకేసి, కుడికంటికి తిన్నగా కనిపించేదాకా జరిపి జరిపి సాయంత్రానికి మళ్ళీ వేశాడు.

భార్య వచ్చి చూసి నోరు నొక్కుకుంది. "ఇదేంటయ్యా! నడుం పట్టేసిన మనిషిలా ఇట్లా వంగిపోయాయి?"

"నీ మొహం. దారం పట్టినట్టుంటే!"

"ఆ కన్నెందుకు మూశావ్? రెండూ తెరిచి చూడు."

తెరిచి చూశాడు. వంకర. ఎడమది మూశాడు. తిన్నగా ఉంది. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ వంకరే. 

ఆవిడ దగ్గరికొచ్చి, ఆయన ఎడమకంటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది. "నా మొహం చూడు. ఏం కనిపిస్తోంది?"

"చెవులున్నాయి. కమ్మలున్నాయి." కుడికన్ను చికిలించాడు. "మధ్యలో నువ్వు లేవే."

ఇసక బస్తామీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా ఈ కంటిని నమ్ముకునే బతికాడు. "భయమేస్తోందే. కన్ను పోతే నేనింక మేస్త్రినెట్లా అవుతాను?" అన్నాడు. ఆవిడకీ భయమే. అయినా పైకి మాత్రం, "ముందు లే. రేపు కంటాసుపత్రికి పోతున్నాం. గోడ ఎక్కడికీ పారిపోదు," అని కసిరింది.

మర్నాడు డాక్టరమ్మ ఎడమకంటికి మూత పెట్టి, ఆయన చేతికో కాగితం ఇచ్చింది. నిండా చిన్న చిన్న గళ్ళు, మధ్యలో చుక్క. మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది.

"ఎవడమ్మా ఈ గళ్ళు గీసింది? మధ్యలో గీతలన్నీ ఉబ్బిపోయాయి. చుక్క చూడమన్నారు, చుక్కెయ్యడమే మర్చిపోయాడు. నా దగ్గర పనిచేస్తే పూట తిరక్కుండా ఇంటికి పంపేసేవాణ్ణి!"

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "గీతలు బానే ఉన్నాయి మేస్త్రిగారూ. చుక్కా ఉంది. గోడలో చెమ్మ చేరితే పైపూత ఉబ్బుతుందా లేదా? మీ కుడికంట్లో వెనక ఉండే తెర అలాగే ఉబ్బింది. మధ్యచూపు అక్కడే పుడుతుంది కాబట్టి ఎదురుగా ఉన్నది మాయమవుతోంది, పక్కలు కనిపిస్తున్నాయి. కంట్లోకి సూది మందు వేస్తాం. ముదరకుండా ఆగుతుంది, వంకర కొంత తగ్గచ్చు. మచ్చ మాత్రం పూర్తిగా పోతుందని మాటివ్వలేను."

"కంట్లో సూదా!" అని కుర్చీలోంచి సగం లేచాడు. భార్య భుజం పట్టి కూర్చోబెట్టింది. తీరా చుక్కల మందు వేసి మొద్దుబార్చాక, సూది ఎప్పుడు దిగిందో తెలియనే లేదు. కళ్ళజోడు సర్దుకుంటూ పోతున్న డాక్టరమ్మని ఆపి, తను అడగాల్సిన ఒక్క మాటా అడిగాడు. "పని చేసుకోవచ్చామ్మా?"

"వారం ఆగి, దుమ్ము తగలకుండా కళ్ళజోడు పెట్టుకుని చేసుకోండి. ఎడమకన్ను భేషుగ్గా ఉంది. దాంతో గురి చూడండి."

చెప్పడం తేలికే. కుడికన్ను ఒక్కటీ మూయమంటే మేస్త్రికి రెండూ మూసుకుపోతున్నాయి! వారమంతా అద్దం ముందు నిలబడి మూతి వంకర్లు తిప్పాడు. భార్య నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది.

వారం తిరిగాక, ఆ వంకర వరసలు పీకి మళ్ళీ మొదలెట్టారు. శనివారం ఆ ఇంటి ఓనరమ్మ సామాను దిగుతుంది, ఇంక గడువు లేదు. రెండు కళ్ళూ తెరిచి ఎట్లాగో రెండు వరసలు వేసినా నమ్మకం కుదరక, కుడికంటికి గుడ్డ కట్టుకున్నాడు. కట్టుకుంటే దూరం తెలియడం లేదు; టైల్ గోడకి తగిలిందనుకుని చెయ్యి వదిలితే బెత్తెడు ఇవతలే కింద పడి ముక్కలైంది. రెండోదీ అంతే. గుడ్డ లాగి విసిరికొట్టాడు.

"నువ్వు పెట్టు. నేను చూస్తా," అంది భార్య.

"నువ్వా? సందులు నింపేదానివి, నువ్వు చూస్తావా నా వరస?"

ఆవిడ గోడవారకి పోయి, చెంప గోడకి ఆనించి, వరస పొడుగునా చూసింది. "చివర్నుంచి మూడోది. కింది మూల ముందుకు పొడుచుకొచ్చింది."

"చోద్యం! నాకేం కనిపించట్లా."

"కనిపించకపోతే తడిమి చూడు."

ఆవిడ మాట అబద్ధమని తేల్చడానికే బొటనవేలు పెట్టి సందు మీద లాగాడు. మూల గోటికి తగిలింది. గోరు మందం కూడా లేదు. మళ్ళీ లాగాడు, మళ్ళీ తగిలింది. మేస్త్రి తాపీ దూర్చి టైల్ లేపి, సిమెంటు గీకి, తిరిగి ఒత్తాడు.

ఆవిడ మళ్ళీ చెంప ఆనించి చూసింది. "ఆఁ, ఇప్పుడు బాగుంది."

మేస్త్రి ఆవిడ వంక తిరిగాడు. ఈసారి మొహం మొత్తం కనిపించేలా రెండు కళ్ళూ తెరిచి మరీ చూశాడు. కళ్ళు చెమర్చాయి. "ఇంత కన్ను పెట్టుకుని ముప్పై ఏళ్ళుగా ఒక్కసారైనా చెప్పలేదేమే?"

"నువ్వెప్పుడైనా అడిగి చచ్చావా?"

మేస్త్రి భుజంమీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, గోడ దగ్గర్నుంచి పక్కకి జరిగి ఆవిడకి దారిచ్చాడు.

"సరే, ఇప్పుడడుగుతున్నా. పై వరస ఎట్లా ఉంది?"

ఆవిడ తీరిగ్గా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది.

"మొత్తం పీకెయ్యి," అంది.