బంగారు అంగట్లో గోదురుకప్పలు

ప్రొద్దుటూరులో ధనుంజయ్ బంగారు అంగడికి ఎదురుగా ఇంకో బంగారు అంగడి ఉంది. వాళ్లు వాకిట్లో పెద్ద చేపల తొట్టి పెట్టినప్పటి నుంచి పిల్లలు అటే లాగుతున్నారు. పిల్లల వెనక తల్లులు, తల్లుల వెనక బేరాలు. ధనుంజయ్‌కు అన్నం సయించలేదు.

"చేపలు ఎవడైనా పెడతాడు. మనం కప్పలు పెడదాం," అన్నాడు భార్య మంజుశ్రీతో.

"బంగారు అంగట్లో కప్పలా? మీకేమన్నా మతి పోయిందా?"

"ఈ వీడియో చూడు. సగం నేల, సగం నీళ్లు. ఊర్లో ఎవురికీ ల్యా."

అద్దాల పని చేసే ఖాదర్ పెట్టె బిగించాడు. నడుమ పొట్టి అద్దం అడ్డం. ఒక పక్క ఇసుక కలిపిన మట్టి, నాచు, దాక్కోడానికి బోర్లించిన కుండపెంకు. ఇంకో పక్క లోతు లేని నీళ్లు, గట్టెక్కడానికి గులకరాళ్ల వాలు. పైన జాలీ మూత. కాలవ గట్టున పట్టిన రెండు గోదురుకప్పలు అందులో కాపురానికి వచ్చాయి.

ఆ తర్వాత ధనుంజయ్ శానా చదివాడు. కుళాయి నీళ్లలో కలిపే మందు కప్పల చర్మానికి పడదట. వాటికి మినరల్ వాటర్ క్యాన్లు వచ్చాయి, కొనేవాళ్లకు బోరు నీళ్లే. చలి పడదేమోనని ఏసీ ఆపేశాడు. హారాలు పెట్టి చూసుకునే ఆడవాళ్ల మెడలు చెమటతో తడిశాయి. కదిలే పురుగును తప్ప తినవని తెలిసి, బొద్దింకల మందు కొట్టే మనిషిని మానిపించి సేల్స్ వాళ్లను గోడౌన్లోకి తోలాడు.

"నేను చేరింది నగలు చూపించేదానికి సార్, బొద్దింకలు పట్టేదానికి కాదు," అంది భార్గవి.

"ఇదీ షోరూం పనేమ్మా," అన్నాడు ధనుంజయ్.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఒకరోజు రాజుపాలెం నుంచి నారాయణరెడ్డి నలుగురు మనుషులతో వచ్చాడు. ఆ ఇంట్లో ప్రతి పెండ్లికీ నగలు ధనుంజయ్ దగ్గరే.

"శెట్టీ, వానకోసం కప్పల పెండ్లి చేయాల. మందులు కొట్టీ కొట్టీ మా చేన్లల్లో ఒక్క కప్ప ల్యా. నీ జత ఇయ్యి."

ధనుంజయ్ కాదనలేకపోయాడు. పైగా కప్పకు తగిన తాళిబొట్టు కూడా చేయించి, భార్యతో సహా కప్పల వెంట బొలేరోలో వెళ్లాడు. మేళతాళాలతో ఊరేగింపు జరిగింది. అయ్యవారు మంత్రం మొదలుపెట్టి బిందెతో నీళ్లు పోశాడు. పెండ్లికొడుకు గొంతు ఉబ్బించి అరిచాడు. పెండ్లికూతురూ గొంతు ఉబ్బించి అంతకంటే గట్టిగా అరిచింది.

మంజుశ్రీ మెల్లగా అంది: "గొంతు ఉబ్బించి అరిచేది మగవేనంట. రెండూ మగవే."

మేళం ఆగింది. అందరూ నారాయణరెడ్డి వైపు చూశారు.

"నలుగురు పెద్దమనుషులు కూర్చోని చేస్తాండే పెండ్లి ఇది. కప్పలు అరిచినాయని ఆపుతామా? కానీ అయ్యవారూ!"

తాళి కట్టించారు. సాయంత్రానికి మబ్బు నిజంగానే వచ్చింది. రాజుపాలెం మీదుగా నింపాదిగా పోయి, జమ్మలమడుగు పక్క కుండపోతగా కురిసింది.

మరుసటి రోజుకల్లా ఒకటే మాట: శెట్టి నకిలీ జత ఇచ్చినాడు. కప్పల సంగతి ఎవరూ చెప్పుకోలేదు, నకిలీ అన్న మాటే ఊర్లు దాటింది. నారాయణరెడ్డి ఫోన్ చేసి, "మనవరాలి వడ్డాణం ఎదురంగట్లో చూస్తాండాం లే," అన్నాడు. ధనుంజయ్ గల్లాపెట్టె పైన బోర్డు తగిలించాడు: "మా హామీ బంగారానికి మాత్రమే. కప్పలకు వర్తించదు." దాంతో తెలియనివాళ్లకు కూడా తెలిసింది.

"వాటికి మీరు పెండ్లి చేసి, నింద గూడా వాటికే ఏస్తాండారు," అని మంజుశ్రీ కప్ప మెడలోని తాళిబొట్టు విప్పేసి, ఇద్దరు మొగుళ్లనూ కాలవ గట్టున వదిలి వచ్చింది.

పెట్టె తీసేయడానికి మాత్రం ధనుంజయ్‌కు మనసొప్పలేదు. మట్టి, నాచు, నీళ్లు అట్లే ఉంచాడు. విచిత్రంగా, ఇప్పుడే జనం ఎక్కువసేపు నిలబడుతున్నారు. కప్పలు యాడున్నాయో వెతకాలి గదా. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి కదలరు. తల్లులు ఎట్లాగూ ఆగాల్సిందే గనక కమ్మలు చూస్తుంటారు.

మొన్న ఒక పాప కేకేసింది: "అమ్మా, కుండపెంకు కింద కన్ను కనపడింది!"

"గట్టిగా అరవాకమ్మా, భయపడతాది," అన్నాడు ధనుంజయ్, తల్లి ముందు ఇంకో కమ్మల జత పరుస్తూ.