లెక్క తిరగబడే వేళ

పావగడ కల్యాణ మంటపంలో భోజనాల హాలును ఆ రోజు ప్రోగ్రామింగ్ భాషల ప్రసంగాలకు ఇచ్చారు. ఏటా బెంగళూరులో జరిగే ఓపెన్ సోర్స్ సమావేశాన్ని ఈసారి సోలార్ పార్కు ఉన్న తాలూకాలో పెట్టారు. తిరుమణి ప్లాంటులో టెక్నీషియన్‌గా చేసే రక్షిత సెలవు పెట్టి మరీ వచ్చి ముందు వరుసలో కూర్చుంది. ప్యానెళ్ల మీద దుమ్ము తుడుచుకుంటూ పట్టాల మీద నడిచే బండికి ప్రోగ్రాం రాసింది ఆమే.

ఆశా మాట్లాడుతోంది. అరసికెరె పిల్ల, బెంగళూరులో ఉద్యోగం. తెర మీద ఒక అంకె పెరుగుతూ పోయి, ఒక చోట ఉన్నట్టుండి మైనస్‌లోకి పడిపోయింది. హాల్లో కొందరు నవ్వారు.

"నవ్వొద్దండి. అంకెకు ఇచ్చిన చోటు నిండిపోయింది. ఈ పాత భాష ఆ సంగతి మనకు చెప్పదు, తప్పుడు లెక్కతోనే ముందుకు పోతుంది. ఇప్పుడు కొత్త భాషలో చూడండి, అక్కడికక్కడే ఆగిపోతుంది. మిల్లీసెకన్లు లెక్కపెట్టే యంత్రమైతే, స్విచ్ వేసిన నాలుగో వారంలోనే ఇది జరుగుతుంది."

రక్షిత చేతిలో పెన్ను ఆగిపోయింది. వరుస చివర బండిని ఆపే మీట దుమ్ముకు పట్టేస్తుంటే, కాలం కొలిచి ఆపేలా ఆ పాత భాషలోనే తను రాసింది. ఇంతసేపు నడిచాక ఆగు అని. లెక్క మైనస్‌లోకి పోయినప్పుడు బండి పరుగులో ఉంటే, ఆ 'ఇంతసేపు' ఎప్పటికీ రాదు. పట్టా అయిపోయినా పోతూనే ఉంటుంది.

పోయిన నెల గాలివానకు కరెంటు పోయి వచ్చిన సాయంత్రం బండికి మళ్లీ స్విచ్ వేశారు. అప్పటి నుంచి ఆపలేదు. ఫోన్లో లెక్క వేసింది. ఈ రోజే, ఈ మధ్యాహ్నమే. ప్లాంటులో గడ్డి కోసే ఆడవాళ్లు సద్దులు విప్పేది కూడా ఇప్పుడే. గాలి బాగా ఆడుతుందని, బండి ఆగే వరుస చివర, ప్యానెళ్ల నీడలో కూర్చుంటారు.

బయటికి పరిగెత్తి సూపర్వైజరు శివరాజుకు ఫోన్ చేసింది. ఇన్వర్టర్ గదిలో ఉన్నాడేమో, సిగ్నల్ లేదు. మళ్లీ చేసింది. లేదు. గడ్డి కోసేవాళ్లలో మేనత్త బోరమ్మ ఉంది, ఆమెకు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారికి ఎత్తింది.

"ఏందే, మీటింగులో ఉండావంటివే?"

"అత్తా, యాడ కూర్చోనుండారు?"

"ఇంగ యాడ, వరుస కొనాకు. ముద్ద నోట్లో పెట్టుకుంటాండాము."

"లేయండి! అందరూ లేసి దూరంగా పోండి. బండి ఆగదు, మీదొచ్చి పడతాది!"

"ఆగదా? దినామూ ఆగుతాది గదమ్మా."

"నా మాట ఇనత్తా! సద్దులు ఆడనే ఇడిసిపెట్టండి. శివరాజన్నకు చెప్పి కరెంటు తీయించు!"

ఫోన్లో గిన్నె దొర్లిన చప్పుడు, బోరమ్మ కేకలు. ఆ పైన ఏమీ వినబడలేదు. రక్షిత మళ్లీ మళ్లీ చేసింది, ఎవరూ ఎత్తలేదు. వెనకాలే వచ్చిన ఆశా ఏం జరిగిందో అడిగి తెలుసుకుని, తన కారు తాళం తీసింది.

"ఎక్కు. పోదాం."

దారిలో బోరమ్మ నుంచి ఫోన్ వచ్చింది. "ఎవురికీ ఏం కాలేదు," అని మాత్రం చెప్పింది. అప్పటికిగానీ రక్షితకు ఏడుపు రాలేదు.

వాళ్లు చేరేసరికి బండి సగం ఒళ్లు గాల్లో వేలాడుతూ ఉంది. శివరాజు కేబులు పీకకపోతే కిందపడేదే. సరిగ్గా దాని కింద మూత తీసిన సద్దిగిన్నెలు, చెల్లాచెదురైన చెప్పులు. మగవాళ్లు నలుగురు మోకులు కట్టి బండిని వెనక్కి లాగారు. అక్కడే నేల మీద కూర్చుని రక్షిత ప్రోగ్రాం విప్పింది. కాలం లెక్కకు పెద్ద చోటు ఇచ్చింది. లెక్క ఎటు తప్పినా బండి ఆగిపోయేలా ఇంకో కట్టడి పెట్టింది. ఆశా పక్కనే ఉండి ప్రోగ్రాంలో ప్రతి వరుసా చదివింది.

బోరమ్మ వచ్చి నిలబడింది. "దాన్ని రాసింది నువ్వేనా?"

"నేనే అత్తా."

"బాగు చేస్తివా?"

"చేసినా."

"అట్లయితే నడిపీ. యాడ నిలబడతావో నువ్వే చూసుకో."

రక్షిత లేచి వరుస చివరకు నడిచి, ఆడవాళ్లు కూర్చునే చోటే నిలబడింది.

"వద్దమ్మా, ఈడికి రా. నీకేమన్నా అయితే ప్లాంటు ఇంజినీరు ఊరుకుంటాడా?" అన్నాడు శివరాజు.

ఆమె కదల్లేదు. ఆశా లాప్‌టాప్‌లో లెక్కను పాత హద్దుకు కాస్త ఇవతల పెట్టి, బండి పరుగులో ఉండగానే హద్దు దాటేలా చేసింది. రక్షిత వైపు చూసింది. రక్షిత తల ఊపింది.

బండి కదిలింది. బ్రష్షుల రొద దగ్గరవుతోంది. ప్యానెళ్ల సందుల్లోంచి దుమ్ము తల మీద రాలుతోంది. హద్దు దాటిందని ఆశా కేకేసింది. బండి ఆగలేదు, వస్తూనే ఉంది. రక్షిత కళ్లు మూసుకోలేదు, మూసుకోవాలని మాత్రం అనిపించింది. నీడ పాదాల మీదికి పాకింది.

ఒక్క కుదుపుతో బండి పట్టా లోపలే ఆగింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బోరమ్మ వచ్చి మేనకోడలి నెత్తి మీది దుమ్ము దులిపి, కింద పడిన గిన్నెలు ఏరుకుంది. మిగతా ఆడవాళ్లు అప్పటికే పక్క వరుస నడిమికి పోయి కూర్చున్నారు.

"కొన్నాళ్లు ఆడనే తింటామమ్మా," అంది బోరమ్మ. "నువ్వూ రా, పొద్దున్నుంచి ఏమి తిన్నావో ఏమో. ఆ పాపను గూడా పిలువు."