అత్తగారి అకౌంటు

ఎదురు షాపు షోకేసులో తను గీసిన తీగ డిజైను వేలాడుతుంటే, ఇంట్లోనే ఎంబ్రాయిడరీ మిషను నడిపే ఆ పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది.

అనుమానమే లేదు. ఏ తీగ గీసినా ఒక్క ఆకును తలకిందులుగా పెట్టడం ఆమె అలవాటు. దొంగ ఆ ఆకును కూడా వదల్లేదు!

అది చాలదన్నట్టు ఆర్డర్లిచ్చే మేడమ్ ఫోను. "డిజైను వాళ్లదే, మీరే కాపీ కొట్టారంటున్నారమ్మా. మధ్యాహ్నం వస్తాను, పాత తేదీతో ఉన్న ఫైలు చూపించండి. లేదంటే పనంతా వాళ్లకే."

చూపించడానికి కంప్యూటర్లో ఫోల్డరు ఉంటేగా! ఏళ్లుగా గీసిన డిజైన్లన్నీ మాయం. రీసైకిల్ బిన్ ఖాళీ. పేరు కొట్టి వెతికినా లేదంది. కానీ డ్రైవు మాత్రం నిండిపోయి ఎర్రగీత చూపిస్తోంది. కనిపించే ఫోల్డర్లన్నీ కలిపినా అందులో సగం రావు.

"పోలేదు. ఎవడో దాచాడు," అని పళ్లు కొరికింది.

వ్యూ మెనూలో, దాచినవి కూడా చూపించమని టిక్కు పెట్టింది. వెలిసిన బట్టలా పాలిపోయిన ఫోల్డరు ప్రత్యక్షమైంది. ఆత్రంగా నొక్కింది.

'ఈ ఫోల్డరు తెరవడానికి మీకు అనుమతి లేదు.'

"నేను గీసినదానికి నాకు అనుమతి లేదా?"

ప్రాపర్టీస్ తెరిస్తే, యజమాని అన్నచోట మరిది పేరు! పోయినవారం "క్లీన్ చేస్తా వదినా" అంటూ కూర్చున్న మహానుభావుడు. వెంటనే ఫోను కలిపింది.

"అందులో వైరసుంది వదినా, అందుకే తాళం వేశా. ముట్టుకోకండి."

"ఆ వైరసు ఎదురు షోకేసులో వేలాడుతోంది. పాస్‌వర్డు చెప్పు!"

"హలో... హలో... వినబడట్లేదు వదినా." కట్.

గుమ్మంలో బటానీలు ఒలుస్తున్న అత్తగారికి మాత్రం అంతా వినబడింది. "నా కొడుక్కి దొంగతనం అంటగడతావా?"

కోడలు యజమాని పేరు మార్చే బటను నొక్కింది. పెత్తనమున్న వాళ్ల పాస్‌వర్డు కావాలంది కంప్యూటరు. కింద రెండు పేర్లు. ఒకటి మరిది. రెండోది అత్తగారు!

ఆ ఇంట్లో ఏ వస్తువు కొన్నా మొదట ఆవిడ పేరు మీదే. కంప్యూటర్లో మొదటి అకౌంటూ అంతే. ఆ సంగతి మరిది మరిచిపోయాడు.

"మీరే తెరవండి అత్తయ్యా. నాది తప్పయితే ఆ మిషను అమ్మేయండి."

అత్తగారు చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. "అటు తిరుగు."

"ఎందుకు?"

"పాస్‌వర్డు ఎవరికీ చూపించకూడదని వాడే నేర్పాడు."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటి వేలితో కొట్టింది. ఫోల్డరు తెరుచుకుంది. పాత తేదీలతో తీగలన్నీ భద్రంగా ఉన్నాయి. వాటి పక్కన, ఎదురు షాపు పేరుతో ఓ కొత్త ఫైళ్ల కట్ట. తేదీ పోయినవారానిది. లోపల అవే తీగలు.

అత్తగారి ముఖం నల్లబడింది. "మేడమ్‌కి ఇదీ చూపించు."

"మరిది పరువు పోతుందేమో..."

"నీ కష్టాన్ని బజార్లో పెట్టినప్పుడు వాడికి గుర్తొచ్చిందా పరువు?"

మధ్యాహ్నం మేడమ్ తేదీలు చూసింది, తలకిందుల ఆకును చూసింది. ఆర్డరు రాసిచ్చి, నేరుగా ఎదురు షాపు మెట్లెక్కింది.

సాయంత్రం మరిది హడావిడిగా వచ్చి కీబోర్డు మీద పడ్డాడు. కొట్టాడు, మళ్లీ కొట్టాడు.

"అమ్మా! నా అకౌంటు తెరుచుకోదేంటి?"

"వైరస్‌రా," అంది ఆవిడ తలెత్తకుండా. "ముట్టుకోకు."