మార్కు పడని ఇరవై బస్తాలు

పొద్దున్న ఐదున్నరయ్యేసరికి సత్యవేణి తన చిన్న తెల్ల వ్యానుకి తాళం తిప్పేది. ఖిదిర్‌పూర్ ఓడరేవులో, కూలీల ఇళ్ళుండే డాకు లైన్ల ముందు అప్పటికే ఏడుగురు ఆడవాళ్ళు టిఫిను డబ్బాలు చంకన పెట్టుకుని నిలబడి ఉండేవారు. అందరూ సాల్ట్ లేక్‌లో పెద్ద పెద్ద ఆఫీసుల క్యాంటీన్లలో కూరలు తరిగి, గిన్నెలు తోమే మనుషులే. ఏడింటికల్లా వాళ్ళని దింపెయ్యాలి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే అక్కడి సూపర్‌వైజరు గేటు దగ్గరే మొహం చిట్లించుకుని, ఈపూటకి వెళ్ళిరమ్మనేవాడు. భర్త పోయిన మరుసటి ఏడాది, అత్తవారు వద్దన్నా పట్టుబట్టి నేర్చుకుంది డ్రైవింగు. ఆ లైన్లలో స్టీరింగు పట్టిన మొదటి ఆడది తనే. ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండా హారను కాస్త గట్టిగానే కొట్టేది.

శనివారం క్యాంటీన్లకి సెలవు. ఆ రోజు తండ్రి కూర్మయ్యని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళేది. కూర్మయ్య చూడటానికి ఎండు చేపలా ఉంటాడు. మెడ కింద ఎముకలు లెక్కపెట్టొచ్చు. కానీ ఆయన బండెక్కితే బండి మూలిగి, వెనక టైర్లు నేలకి అణిగిపోయేవి. ఆయన బరువు పద్దెనిమిది వందల కిలోల పైమాటే. పదకొండేళ్ళ కిందట డాకులో బస్తాలు మోసే పని పోయిన రోజు నుంచీ అంతే. లైన్లలో అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ వింతగా చూసేవారు కాదు. రిక్షావాడు దూరం నుంచే పోల్చుకుని, "ఆజ్ నా, దాదూ", ఇవాళ వద్దు తాతా అని చెయ్యి ఊపి పక్క సందులోకి తిరిగిపోయేవాడు. వ్యాను వెనక నాలుగు స్ప్రింగు పట్టీలు అదనంగా వెయ్యమని సత్యవేణి అడిగితే మెకానిక్కు, "మీ నాన్న కోసమా?" అన్నాడు. ఔనంది. "అయితే ఐదు వేస్తాను" అన్నాడు.

అలాంటి ఒక శనివారం ఆసుపత్రికి వెళ్తూ ఫ్లైఓవరు దిగుతుంటే కెమెరా పట్టింది. పది రోజులకి ఫోనులో చలానా వచ్చింది. వేగం గంటకి యాభై నాలుగు కిలోమీటర్లు. సత్యవేణికి నవ్వొచ్చింది. ఆ వంతెన మీద మనుషుల్ని ఎక్కించుకునే చిన్న బండ్లు అరవై దాకా పోవచ్చు. ఇంకాస్త కిందికి చదివేసరికి నవ్వు ఆగిపోయింది. 'వాహనం తరగతి: సరుకుల బండి. పరిమితి: నలభై.' వంతెన మొదట్లో రోడ్డులోనే పాతిన కాటా ఒకటుంది. అది వ్యానుని తూచి రెండువేల ఎనిమిది వందల చిల్లర చూపించింది. అంత బరువున్న చిన్న బండిలో మనుషులుంటారా, సరుకే ఉంటుందని మిషను తనంతట తనే తేల్చి పారేసింది.

జరిమానా కట్టి ఊరుకుంటే పోయేదే. కానీ అది ఆ ఏడాదిలో మూడో చలానా. మొదటి రెండూ తన తప్పే, ఒప్పుకుంది. మూడోది ఖాయమైతే లైసెన్సు ఆర్నెల్లు పక్కన పెట్టేస్తారు. ఆర్నెల్లు ఆ ఏడుగురూ తన కోసం రోడ్డు మీద నిలబడరు కదా. ఇంకో బండి ఎక్కుతారు. ఇంకో బండివాడు అంటే మగాడు. "సెప్పినాం గదా, ఆడదానికి బండేటని" అనడానికి లైన్లలో నోళ్ళు సిద్ధంగా ఉన్నాయి.

చలానాల మీద ఫిర్యాదులు వినే ఆఫీసు ఒక పాత భవనంలో రెండో అంతస్తులో ఉంది. మెట్ల మలుపుల్లో కిళ్ళీ ఉమ్ములు ఏళ్ళ తరబడి పేరుకుని గోడకి ఇంకో గోడ కట్టాయి. ఎవరో వాటి పక్కనే దేవుళ్ళ బొమ్మల పలకలు అతికించారు. దేవుళ్ళ మీద కూడా ఉమ్మేశారు. సత్యవేణి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని ఎక్కింది. మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టాక లోపలికి పిలిచారు.

లోపల ఉన్న అధికారి పేరు ఆనందరావు. బల్ల మీద పేరు చదవగానే ప్రాణం లేచి వచ్చింది. మనవాడే. ఆంధ్రా నుంచి బదిలీ మీద వచ్చాడట.

"తెలుగువాళ్ళా? ఎక్కడివాళ్ళు?" అన్నాడు ఆనందరావు, గుండుసూది చెవిలో తిప్పుకుంటూ.

"సీకాకుళం దగ్గిరండి. మా అయ్య డాకులోన పన్జేసీవోడు."

"అదే, మాట వింటేనే తెలుస్తోంది." సూది బయటికి తీసి, దాని కొసన ఉన్నది కాసేపు శ్రద్ధగా చూసి, ఎదురుగా ఉన్న ఫైలు అట్టకి రాశాడు. ఆ అట్ట మీద సత్యవేణి పేరుంది.

"మరి ఆ బరువేమిటి?"

"అది మా అయ్య బరువండి. పద్దెనిమిది వందలుంటాడు."

ఆనందరావు కళ్ళెత్తకుండా ఆ అంకె రాసుకున్నాడు. "అయితే మిషను తప్పేమీ లేదే."

"అదేటండి! మనిషినెక్కించుకుంటే సరుకుల బండెలాగౌద్ది?"

"చూడమ్మా, రెండు వందల కిలోలు దాటిన అంశం ఏదైనా సరుకు కిందికే వస్తుంది. అది మనిషా, ఇనపదూలమా అని రూలులో లేదు."

"ఊపిరి పీలుస్తాడండి మా అయ్య."

"మేకలూ పీలుస్తాయి. మేకల్ని తోలే బండి సరుకుల బండే కదా?"

పక్క బల్ల దగ్గరి గుమాస్తా కిసుక్కున నవ్వాడు. సత్యవేణికి ఒళ్ళు మండిపోయింది. తన భాషలో, తన ఊళ్ళ వైపు నుంచి వచ్చిన మనిషి నోట ఆ మాట వినాల్సి వచ్చినందుకు మరీ రోత పుట్టింది. బెంగాలీలో అని ఉంటే సగం అర్థం కానట్టు నటించి బయటపడేది.

"వచ్చే గురువారం ఆ అంశాన్ని తీసుకురా. కళ్ళారా చూసి రాయాలి" అన్నాడు ఆనందరావు.

"మెట్లు ఎక్కనేడండి. మీరే ఒక్క పాలి కిందికి దిగితే..."

"నేను దిగను."

గురువారం కూర్మయ్య మెట్లెక్కాడు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, ఆగి, మళ్ళీ ఎక్కుతుంటే కమ్మీలు కిర్రుమన్నాయి. పైనుంచి దిగుతున్న గుమాస్తా గోడకి అతుక్కుని దారిచ్చి, "గోడవైపు నడవండి దాదూ, మధ్యలో దూలం బలహీనం" అని చెప్పి తన దారిన పోయాడు. నలభై రెండు మెట్లకి ముప్పావుగంట పట్టింది. చెమట కారి ముసలాయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. సత్యవేణి చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు.

"నీకెందుకమ్మీ, నలిగిపోతావు."

ఆనందరావు ఒక ఫారం తీశాడు. భోజనాల వేళ దగ్గరపడుతోంది. అతని క్యారియరులోంచి చేపల పులుసు వాసన గదంతా కమ్మేసింది.

"సరుకు రకం?" అని అడిగి తనే, "వృద్ధుడు, ఒకటి" అని రాసుకున్నాడు. "కట్టుబడి? గోనా, చెక్కపెట్టా?"

కూర్మయ్య వంగి తన బట్టలు చూసుకుని, "నేత నుంగీ, సొక్కా" అన్నాడు వినయంగా.

"పగిలే స్వభావం ఉందా?"

"సార్!" అంది సత్యవేణి. "మీకూ తండ్రుంటాడు గదండి. ఆయన్నిలాగే అడుగుతారా?"

"మా నాన్న అరవై రెండు కిలోలు" అన్నాడు ఆనందరావు. "ఇక్కడ సంతకం పెట్టు. సరుకుల బండి అని ఖాయమైపోతుంది. కింద పెరట్లో కాటా ఉంది. సరుకుతో సహా బండిని తూయించి చీటీ పట్రా, జతపరిస్తే ఆర్డరు పూర్తి. లైసెన్సు ఆర్నెల్ల తర్వాత వచ్చి తీసుకో."

"నానెట్టను. మా అయ్య సరుకు కాడు. మీరేటి సేసుకున్నా సరే."

"పెట్టకపోతే, పెట్టలేదని రాసుకుంటాను. ఎలాగైనా అయ్యేది అదే."

అప్పటిదాకా గోడవారన నిలబడి ఉన్న కూర్మయ్య ఒక అడుగు ముందుకేశాడు. బల్ల మీది గాజు గ్లాసులు గలగలమన్నాయి.

"రాయనీయమ్మీ. సరుకంటే సరుకే" అన్నాడు. "గానీ బాబూ, సరుకన్నాక దించుకున్నోడు మార్కెయ్యాల గదా."

"ఏం మార్కు?"

"మా గ్యాంగు కట్టుబాటు బాబూ. ఓడలోంచి బస్తా మోసుకొచ్చి షెడ్డులో ఏసినా, లెక్కలు రాసీ టాలీబాబు సుద్దతో గీత గీసీదాకా అది మా నెత్తినున్నట్టే లెక్క. ఆకరి రోజు ఇరవై బస్తాలు మోసినాను. టాలీబాబు రాలేదు. రేపట్నించి క్రేను దించీ ఇనప పెట్టెలొస్తాయి, మీరెవురూ అక్కర్నేదని గేటేసినారు. గీతలు పడనేదు. నానలాగే ఇంటికొచ్చేసినాను." ముసలాయన ఫారం అడుగున వేలు పెట్టాడు. "ఇక్కడ ఖాళీ ఉన్నాది బాబూ."

అక్కడ 'సరుకు అందుకున్నవారు' అని ఉంది. ఆ గడిని ఆ ఆఫీసులో ఎవరూ ఎన్నడూ నింపలేదు. సత్యవేణి తండ్రి వంక చూసింది. పదకొండేళ్ళలో ఆయన ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు, తనతో సహా.

ఆనందరావు క్యారియరు వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. "సరే, ఈ గోల కూడా దేనికి" అని గడిలో తన పేరు గీకి, 'అందినది' అని రాసి, పక్కన నీలం సిరాతో ఒక నిలువు గీత గీశాడు. ముద్ర కొట్టాడు.

కూర్మయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. ముందుకి వంగి ఉన్న మెడ నెమ్మదిగా పైకి లేచింది. సత్యవేణికి కోపంలో అదేమీ పట్టలేదు. ఫారం లాక్కుని బయటికి నడిచింది. మెట్లు దిగుతుంటే కమ్మీలు చప్పుడు చెయ్యలేదు. రెండో మలుపు దగ్గర వెనక్కి చూస్తే, ఏ మెట్టు మీద ఎంత గట్టిగా అడుగెయ్యాలో తెలియక ముసలాయన కమ్మీ పట్టుకుని తడబడుతూ నవ్వుతున్నాడు.

"అయ్యా, ఏటైంది?"

"దిగిపోనాదమ్మీ" అన్నాడు.

పెరట్లో కాటా మీదికి బండి ఎక్కించింది. తండ్రి పక్క సీట్లోనే ఉన్నాడు. కాటా మనిషి చీటీ చింపి ఇచ్చాడు. బండి, తనూ, తండ్రీ కలిపి వెయ్యీ అరవై కిలోలు. సత్యవేణి ఆ చీటీని మూడుసార్లు చదివింది. తర్వాత తండ్రిని బండిలోనే ఉంచి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

పైన ఆనందరావు నేల మీద కూర్చుని ఉన్నాడు. కుర్చీ కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకి పోయాయి. గుమాస్తాలు ఎవరి భోజనం వాళ్ళు చేస్తున్నారు. ఒకడు వచ్చి క్యారియరు అతని ఒళ్ళో పెట్టి, "పులుసు చల్లారిపోతోంది సార్" అని మళ్ళీ తన బల్ల దగ్గరికి పోయాడు.

సత్యవేణి చీటీ అందించింది. ఆనందరావు మొహమంతా చెమట. అయినా రూలు రూలే. చీటీలో అంకె చూసి, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు. 'చిన్న ప్రయాణికుల బండి. యాభై నాలుగు పరిమితిలోనే ఉంది. చలానా రద్దు.' సంతకం దగ్గర పెన్ను ఎత్తడానికి రెండో చెయ్యి కూడా సాయం పెట్టాల్సి వచ్చింది.

గెలిచింది. ఎగిరి గంతెయ్యాల్సిన మాట. కానీ ఆ పులుసు వాసననీ, ఆ చెవి సూదినీ, నేల మీద చతికిలబడిన ఆ మనిషినీ తప్పించుకుని ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. జాలి వస్తుందేమోనని ఒక్క క్షణం ఎదురుచూసింది. రాలేదు. కాగితం మడిచి లోపల పెట్టుకుంది.

"అమ్మా" అన్నాడు ఆనందరావు. అతను ఆ మాట అలా అనడం అదే మొదటిసారి. "ఎల్లుండి మా అమ్మాయి నిశ్చితార్థం. విశాఖకి విమానం ఎక్కాలి. మీ నాన్నగారిని ఒక్కసారి పైకి రమ్మను. ఇది ఎలా దించాలో అడుగుతాను."

"ఆయన్నడగక్కర్నేదండి. ఇందాక సెప్పినాడు గదా" అంది సత్యవేణి గుమ్మం దగ్గర ఆగి. "మీ పైనోళ్ళెవరైనా అందిందని రాసి గీత గీసి, సంతకమెడితే దిగిపోద్ది."

ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ ఆనందరావు పై అంతస్తు వైపు తలెత్తి చూశాడు. తన ప్రమోషను ఫైలు అక్కడికి వెళ్ళి తొమ్మిదేళ్ళైంది. తన సెలవు చీటీలన్నీ అక్కడే ఉన్నాయి. పై అంతస్తువాళ్ళు దేని మీదా సంతకం పెట్టరన్న సంగతి ఆ ఆఫీసులో అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.